పల్నాడు: నీటి నిర్వహణలో యువత, ఆదివాసులు

కృష్ణానదికి కుడి ఒడ్డున, నల్లమల కొండలను ఆనుకుని ఉన్న సీమ పల్నాడు. 2022 ఏప్రిల్ 4న పాత గుంటూరు జిల్లా పడమటి భాగాన్ని విడదీసి నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లాను ఏర్పాటు చేశారు. నరసరావుపేట, సత్తెనపల్లి, గురజాల ఇందులోని రెవెన్యూ డివిజన్లు. అయితే జనం నోట పల్నాడు అంటే ఈనాటికీ ముందుగా మాచర్ల, గురజాల, కారెంపూడి, దుర్గి, రెంటచింతల సీమే. ఇక్కడి నీటి పెత్తనంలో రెండు వర్గాలకు చోటు తక్కువ. ఒకటి, వాగులు పుట్టే అడవి అంచున బతికే చెంచులు, సుగాలీలు. రెండు, తమ పేరున ఇంకా సెంటు భూమి లేని యువతీ యువకులు. వీరికి చట్టం ఎంత చోటిచ్చింది, ఆ చోటు ఎంతవరకు వాడుకలోకి వచ్చింది, పక్క సీమల అనుభవం ఏం చెబుతోంది అన్నవి ఈ వ్యాసంలోని విషయాలు.

నేల, వాగులు, కాలువ

పల్నాడు సున్నపురాయి నేల. పిడుగురాళ్ల సున్నం బట్టీలు, దాచేపల్లి, మాచర్ల చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలు ఆ రాతి మీద ఆధారపడ్డవే. సున్నపురాతిలో నీరు అన్నిచోట్లా సమానంగా నిలవదు. పగుళ్లలోకి, బిలాల్లోకి జారిపోతుంది. ఒక చేలో బోరు నిండుగా పోస్తే, గట్టు దాటిన పక్క చేలో ఎండిపోవడం ఇక్కడ వింత కాదు. గుత్తికొండ బిలం, దైద బిలం ఈ రాతి స్వభావానికి కళ్లెదుట కనిపించే సాక్ష్యాలు. ఎండల విషయంలో రెంటచింతల పేరు వేసవిలో రాష్ట్రమంతా వినిపిస్తుంది. శ్రీనాథుడి పేరున చెప్పుకునే చాటువుల్లో పల్నాటి రాళ్లూ, జొన్నకూడూ, నాగులేరూ చోటు చేసుకున్నాయంటే నీటి ఎద్దడి ఎంత పాతదో తెలుస్తుంది.

నాగులేరు, చంద్రవంక ఇక్కడి ముఖ్యమైన ఏర్లు. రెండూ నల్లమల వైపు నుంచి వచ్చి కృష్ణలో కలుస్తాయి. మాచర్ల దగ్గర ఎత్తిపోతల జలపాతం చంద్రవంక మీదిదే. వినుకొండ సీమలో గుండ్లకమ్మ పారుతుంది. వానాకాలంలో ఉరికి, వేసవికి ఇసుక మేటలుగా మిగిలే వాగులే ఎక్కువ.

ఈ చిత్రాన్ని మార్చింది నాగార్జునసాగర్. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. విజయపురి సౌత్ దగ్గర మొదలయ్యే కుడి కాలువకు జవహర్ కాలువ అని పేరు, పొడవు 200 కిలోమీటర్ల పైచిలుకు. కృష్ణా జలాలను రాష్ట్రాల మధ్య పంచిన బచావత్ ట్రిబ్యునల్ లెక్కలో ఈ కాలువ వాటా 132 టీఎంసీలు. జొన్న, సజ్జ పండిన చోట వరి, పత్తి, మిరప వచ్చాయి. నరసరావుపేట పట్టణం నుంచి చిన్న పల్లెల దాకా మంచినీటి చెరువులు నిండేది ఈ కాలువతోనే.

కాలువ నేల వాలును బట్టి నడుస్తుంది, తన కంటే ఎత్తున ఉన్న పొలానికి నీరివ్వలేదు. వెల్దుర్తి, బొల్లాపల్లి మండలాల్లోనూ, దుర్గి, మాచర్ల మండలాల అడవి వైపు ఊళ్లలోనూ చాలా భూమి కాలువకు పైనే ఉండిపోయింది. కాలువ కింద ఆయకట్టు, కాలువ పైన మెట్ట. చెంచు గూడేలూ, సుగాలీ తండాలూ ఎక్కువగా ఉన్నది ఈ మెట్టలోనే. పల్నాటి నీటి నిర్వహణలో ఉన్న అసమానతకు మూలం ఈ ఎత్తుపల్లాల్లో ఉంది. తర్వాత వచ్చిన చట్టాలు దాన్ని సరిదిద్దకపోగా ఇంకొంత గట్టిపరిచాయన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

చెంచులు, సుగాలీలు

చెంచులు నల్లమల ఆదివాసులు. ఉమ్మడి కర్నూలు, ప్రకాశం, గుంటూరు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో విస్తరించి ఉన్నారు. ప్రభుత్వం వీరిని ప్రత్యేకంగా బలహీనమైన ఆదివాసీ సమూహాల్లో ఒకటిగా గుర్తించింది. ఆంధ్ర ప్రాంతపు చెంచుల కోసం ఉన్న సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ శ్రీశైలం కేంద్రంగా పనిచేస్తుంది. మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1943లో అచ్చయిన తన పుస్తకంలో చెంచుల సంచార జీవనాన్ని వివరంగా నమోదు చేశాడు. దుంపలు, తేనె, వేట ఎలాగో, నీరు కూడా అలాగే వారి మకాంను నిర్ణయించేది. ఎండాకాలంలో ఏ వాగు మలుపులో చెలమ తీస్తే నీరూరుతుంది, ఏ బండ మీది దొనలో వేసవి దాకా నీరు నిలుస్తుంది, ఏ ఊట దగ్గరికి ఏ జంతువు ఏ వేళకు వస్తుంది అన్న ఎరుక తరం నుంచి తరానికి నడకలోనే అందింది. అటవీశాఖ ఈ ఎరుక విలువను గుర్తించింది. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలోని బేస్ క్యాంపుల్లో కాపలాకు చెంచు యువకులను తీసుకుంటున్నది అందుకే. జీతానికి కాపలాదారుగా పనికొచ్చిన ఎరుక, నీటి ప్రణాళిక రాసే గదిలోకి మాత్రం రాలేదు.

సుగాలీలు, అంటే లంబాడీలు, వేరే దారిన వచ్చినవారు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దేశమంతా తిరిగిన సంచార వర్తకుల వంశం వారిది. దారి పొడుగునా పశువులకు నీరు దొరికే చోట్లు తెలియకపోతే ఆ వర్తకం సాగేది కాదు. రైళ్లు వచ్చి ఆ బతుకు తెరువు పోయాక తండాలు కట్టుకుని సేద్యానికి, కూలికి దిగారు. బొల్లాపల్లి మండలంలో తండాలు దండిగా ఉన్నాయి. తండాకు నాయక్, అతనికి తోడు కార్భారీ ఉంటారు. గట్టు తగాదా మొదలు నీళ్ల తగాదా దాకా పంచాయితీ చేసేది వారే. శ్రావణమాసంలో జరిగే తీజ్ పండుగ పెళ్లికాని ఆడపిల్లలది. బుట్టల్లో గోధుమ విత్తి, తొమ్మిది రోజులు తామే నీరు తెచ్చి పోసి, మొలకలను చివరికి చెరువులోనో వాగులోనో కలుపుతారు. ఇంటికి రోజూ నీరు మోసేదీ ఆ పిల్లలే. నీటికి సంబంధించిన ఏ కమిటీలోనైనా మొదట పిలవవలసింది వారినే.

చెంచులనూ సుగాలీలనూ చట్టం షెడ్యూల్డ్ తెగలుగానే చూస్తుంది. కానీ పల్నాడు రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద నోటిఫై అయిన ప్రాంతం కాదు. అందువల్ల షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 నాటి పెసా చట్టం ఇక్కడ వర్తించదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ తగిన స్థాయి పంచాయతీలకు అప్పగించాలని ఆ చట్టం చెబుతుంది. కృష్ణకు ఆవలి వైపు అమ్రాబాద్ చెంచులు షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉన్నారు, ఈవలి చెంచులు లేరు. అడవి ఒకటే, తెగ ఒకటే, హక్కులు మాత్రం నదికి ఇటొకటి అటొకటి.

అడవి మీద హక్కు కోసం కొట్లాడిన చరిత్ర పల్నాటికి ఉంది. అడవిలో పశువులు మేపినందుకు కట్టవలసిన పుల్లరిని ఎదిరించి, దుర్గి దగ్గరి మించాలపాడుకు చెందిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో ప్రాణమిచ్చాడు. ఆనాటి వివాదం మేత గురించే అయినా, అడవి అంచు జనానికీ సర్కారుకూ మధ్య ఉన్న అసలు ప్రశ్న నేటికీ అదే. అడవిలో దొరికే దాని మీద నిర్ణయం ఎవరిది?

సాగునీటి సంఘాలు: ఓటు భూమికే

1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన సాగునీటి వ్యవస్థల రైతు నిర్వహణ చట్టం దేశమంతా చర్చకు వచ్చింది. ఒక్క విడతలో పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. మైనరు (పిల్లకాలువ), చెరువు స్థాయిలో సంఘం, ఆ పైన డిస్ట్రిబ్యూటరీ కమిటీ, అన్నిటికీ పైన ప్రాజెక్టు కమిటీ. కాలువ పూడిక, తూముల మరమ్మతు, వంతుల లెక్క ఇంజనీర్ల చేతిలోంచి రైతుల చేతికి కొంతైనా రావాలన్నది ఉద్దేశం. ఉద్దేశం మంచిది. మధ్యలో ఏళ్ల తరబడి ఎన్నికలు లేకుండా గడిచినా, 2024 డిసెంబరులో రాష్ట్రమంతటా మళ్లీ సంఘాలను ఎన్నుకున్నారు.

చిక్కు సభ్యత్వంలో ఉంది. ఓటు హక్కు భూమి కలిగినవారికి, లేదా రికార్డుల్లో నమోదైన కౌలుదారులకు. పల్నాటి మిరప, పత్తి సేద్యంలో పెద్ద భాగం నోటిమాట కౌలు మీద నడుస్తుంది. ఆ కౌలుదారు పేరు ఏ రికార్డులోనూ ఉండదు. తండ్రి పేరున పట్టా ఉన్న ఇంట్లో పాతికేళ్ల కొడుకు రాత్రిపూట కాలువ గట్టు మీద వంతు కాస్తాడు, కాలువ లస్కర్లతో మాట్లాడి తూము ఎత్తిస్తాడు, చివరి భూములకు నీరందకపోతే మేజరు కాలువ దాకా వెళ్లి అడుగుతాడు. సంఘంలో ఓటు తండ్రిది. కూతురి మాట ఇంకా దూరం. నీటి కాపలా చేసే వయసు ఒకటి, నీటి మీద నిర్ణయం చేసే వయసు ఇంకొకటి. ఇక కాలువకు పైనున్న గూడేనికీ తండాకూ సంఘమే లేదు. ఆయకట్టు లేని చోట ఈ చట్టానికి పనే లేదు.

వాటర్‌షెడ్ పథకాలు ఈ లోటును కొంత పూడ్చవలసినవి. తెలుగువాడైన ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన ఏర్పడిన కమిటీ సూచనల మీద వచ్చిన మార్గదర్శకాలు 1995 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యాయి. భూమి లేనివారినీ, మహిళలనూ వాటర్‌షెడ్ కమిటీలో కూర్చోబెట్టాలని అవి స్పష్టంగా చెప్పాయి. మెట్ట సేద్యానికి సరిపోయే నిర్వహణ రూపం ఏదైనా ఉంటే అదే. అయితే పథకం నాలుగైదేళ్లు, ఆ తర్వాత చెక్‌డ్యాం ఎవరిది? పూడిక ఎవరు తీయాలి? 2000లో మొదలైన నీరు-మీరు, 2014 తర్వాతి నీరు-చెట్టు, ఉపాధి హామీ పనులు గుంటలు, ఊటకుంటలు చాలా తవ్వించాయి. తవ్వడానికి పెట్టినంత శ్రద్ధ, తర్వాత వాటిని చూసుకునే మనుషుల మీద పెట్టలేదు.

అటవీ హక్కుల చట్టంలోని నీరు

కాలువ పైనున్న జనానికి నీటి మీద అన్నిటికంటే బలమైన ఆధారం నీటి చట్టం కాదు, 2006 అటవీ హక్కుల చట్టం. దీన్ని పోడు పట్టాల చట్టంగానే చాలామంది ఎరుగుదురు. అందులోని మూడో సెక్షన్ చేపల మీద, జలవనరుల ఇతర ఉత్పత్తుల మీద సామూహిక హక్కును గుర్తిస్తుంది. చెంచుల వంటి సమూహాలకు తమ ఆవాస ప్రాంతం మొత్తం మీద హక్కు కోరే వీలు కల్పిస్తుంది. అదే సెక్షన్ ప్రకారం తాగునీటి సరఫరా, గొట్టపు మార్గాలు, వాననీటి నిల్వ కట్టడాలు, చిన్న చెరువులు, చిన్న కాలువల కోసం ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమిని మళ్లించవచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు ఉండాలి. ఐదో సెక్షన్ ఇంకో అడుగు ముందుకు వేసి, పరీవాహక ప్రాంతాలనూ నీటి వనరులనూ కాపాడే అధికారం, బాధ్యత హక్కుదారులకూ గ్రామసభకూ అప్పగిస్తుంది. ఐదో షెడ్యూలుతో నిమిత్తం లేకుండా ఇవన్నీ పల్నాడులోనూ చెల్లుతాయి.

ఇక్కడ గ్రామసభ అంటే ఏదన్న ప్రశ్న ముఖ్యం. పంచాయతీ స్థాయిలో సభ పెడితే వేల ఓట్ల పెద్ద ఊరి మధ్య ఇరవై ముప్పై గడపల గూడెం మాట వినిపించదు. కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రిత్వశాఖ 2012 జూలైలో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ ఇబ్బందిని గుర్తించి, సభను ఆవాస స్థాయిలోనే జరపాలని చెప్పాయి. గూడెం సభలో హక్కు పత్రం చదివి వినిపించేదీ, పటం గీసేదీ, దరఖాస్తు నింపేదీ ఎవరు? గురుకులాల్లో చదివి వచ్చిన చెంచు, సుగాలీ పిల్లలే ఆ పనికి తగినవారు. ముసలివారికి ఊట తెలుసు, పిల్లలకు కాగితం తెలుసు. ఈ చట్టం నడవాలంటే రెండు తరాలూ ఒకే చాప మీద కూర్చోక తప్పదు.

నీటి మీద మూలవాసుల మాటకు చోటిచ్చిన ఉదాహరణలు బయటా ఉన్నాయి. న్యూజిలాండ్ పార్లమెంటు 2017లో వాంగనూయి నదికి చట్టపరమైన వ్యక్తిత్వమిచ్చి, దాని తరఫున మాట్లాడే ఇద్దరు ప్రతినిధుల్లో ఒకరిని మావోరీ తెగలు నియమించేలా చేసింది. ఐక్యరాజ్యసమితి 2007 ప్రకటన కూడా మూలవాసులకు తమ నీటితో ఉన్న బంధాన్ని హక్కుగా గుర్తించింది, భారత్ దానికి అనుకూలంగా ఓటు వేసింది. మన అటవీ హక్కుల చట్టం ఐదో సెక్షన్ వాటికి ఏమాత్రం తీసిపోదు. తేడా అమలులోనే.

తాగునీరు, ఫ్లోరైడు

భారతదేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదట వివరించింది పల్నాటి పొరుగునే. 1937లో షార్ట్, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని నమోదు చేశారు. వినుకొండ, బొల్లాపల్లి సీమల బోర్లలోనూ ఫ్లోరైడు సమస్య ఉంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఎముకలకూ పళ్లకూ ముప్పు. కాలువ నీరు అందే ఊరికి ఈ బాధ తక్కువ. బోరు మీద ఆధారపడ్డ తండాకు ఎక్కువ.

2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ ఇంటింటికీ కుళాయి, మనిషికి రోజుకు 55 లీటర్లు అన్నది లక్ష్యంగా పెట్టుకుంది. దాని మార్గదర్శకాల్లో గ్రామ నీరు, పారిశుద్ధ్య కమిటీకి నిర్దిష్టమైన రూపం ఉంది. 10 నుంచి 15 మంది సభ్యులు, సగం మంది మహిళలు, పాతిక శాతం వరకు పంచాయతీ సభ్యులు, మిగతా చోట్లు దళితులు, గిరిజనులు వంటి బలహీన వర్గాలకు. ఊరికి ఐదుగురు మహిళలకు కిట్‌తో నీటి పరీక్ష నేర్పాలనీ ఉంది. భూమితో ముడిపెట్టకుండా నీటి కమిటీలో చోటిచ్చిన అరుదైన నియమమిది. తండాలోని ఇంటర్ చదివిన అమ్మాయి బోరు నీటిలో ఫ్లోరైడు తానే చూసి రాసిపెట్టగలిగితే, ఆ కాగితానికి మండల కార్యాలయంలో విలువ ఉంటుంది. 2019 అక్టోబరు 2 నుంచి పనిచేస్తున్న గ్రామ సచివాలయాల్లో ఇంజనీరింగ్ సహాయకులుగా చేరినవారు ఎక్కువమంది యువతే. ఈ అమ్మాయికీ ఆ సహాయకుడికీ మధ్య నెలకొక్కసారైనా లెక్క చేతులు మారాలి.

కొలిచి నిర్ణయించిన రైతులు

భూగర్భజలం విషయంలో తెలుగు నేల మీద జరిగిన అతి పెద్ద ప్రయోగం రైతులు నిర్వహించిన భూగర్భజల వ్యవస్థల ప్రాజెక్టు. నెదర్లాండ్స్ సాయంతో మొదలై, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో 2000ల దశకంలో ఏడు కరువు జిల్లాల్లో ఆరు వందలకు పైగా ఊళ్లలో సాగింది. పొరుగున ఉన్న ప్రకాశం, నల్గొండ అందులో ఉన్నాయి, గుంటూరు లేదు.

పద్ధతి సూటిగా ఉండేది. రైతులే వాన కొలిచేవారు. పదిహేను రోజులకొకసారి బావుల్లో, బోర్లలో నీటి మట్టం చూసేవారు. అంకెలను ఊరి మధ్య గోడ మీద రాసేవారు. వానాకాలం పోయాక వాగు పరీవాహకంలోని ఊళ్లన్నీ కూర్చుని, భూమిలో ఎంత నీరు చేరింది, రబీకి ఎంత కావాలి అని లెక్క కట్టేవి. లోటు తేలితే ఏ పంట వేయాలో ఎవరి ఇష్టం వారిదే, నిషేధం లేదు, జరిమానా లేదు. రైతు నీటి పాఠశాలల్లో ఆడవారూ మగవారూ కలిసి నేర్చుకున్నారు. చాలాచోట్ల వరి తగ్గి ఆరుతడి పంటలు పెరిగాయి. ప్రపంచబ్యాంకు 2010 నాటి భూగర్భజల నివేదికలో దీన్ని మెచ్చుకుంది. డబ్బు ఆగాక ఈ అలవాటు అన్ని ఊళ్లలోనూ నిలవలేదని తర్వాతి పరిశీలనల్లో తేలింది. నిలవకపోవడానికి ఒక కారణం ఊహించవచ్చు: కొలిచే బాధ్యత తర్వాతి తరానికి అప్పగించే ఏర్పాటు లేదు.

పల్నాటి సున్నపురాతిలో బోరు బోరుకూ తీరు మారుతుంది కాబట్టి ఈ కొలతలు ఇక్కడ ఇంకా అవసరం. జిల్లాలోని పీజోమీటర్లు (భూగర్భజల మట్టం చూసే కొలత బోర్లు) చెప్పే సగటు అంకెతో ఒక తండా బోరు భవిష్యత్తు తెలియదు. జిల్లాలో చదివే పిల్లలకు కొదవ లేదు. నరసరావుపేటలో 1950 నాటి సుబ్బరాయ, నారాయణ కళాశాల ఉంది, జేఎన్‌టీయూ కాకినాడకు చెందిన ఇంజనీరింగ్ కళాశాల ఉంది. మాచర్లలో ప్రభుత్వ డిగ్రీ కళాశాల, విజయపురి సౌత్‌లో సాగర్ ఆనకట్ట పక్కనే గురుకుల కళాశాలలు ఉన్నాయి. 1969 నుంచి నడుస్తున్న జాతీయ సేవా పథకం శిబిరాల్లో విద్యార్థులు ఏటా ఒక ఊరు దత్తత తీసుకుని ర్యాలీ తీసి, గుంట తవ్వి, ఫొటో దిగి వస్తారు. 2021లో మొదలైన ‘వాననీటిని ఒడిసిపట్టు’ ప్రచారంలోనూ యువజన సంఘాలను ఎక్కువగా నినాదాలకే వాడుకున్నారు. ఒక కళాశాల తన చుట్టూ ఉన్న నాలుగు ఊళ్ల బావుల మట్టాన్ని పదేళ్లు వరసగా రాసిపెడితే, ఆ పుస్తకం భూగర్భజల శాఖకూ పనికొస్తుంది, రైతుకూ పనికొస్తుంది. ఖర్చు పెద్దది కాదు. కావలసింది తప్పిపోకుండా కొలిచే ఓపిక.

వరికపూడిశెల

వెల్దుర్తి మండలంలో నల్లమల అంచున తలపెట్టిన వరికపూడిశెల ఎత్తిపోతల మెట్ట పల్నాటి దశాబ్దాల కోరిక. పులుల అభయారణ్యం భూమి అవసరం కావడంతో అటవీ, వన్యప్రాణి అనుమతుల దగ్గర చాలాకాలం ఆగింది. 2023 నవంబరు 15న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డి మాచర్లలో శంకుస్థాపన చేశారు. మొదటి దశలో 24,900 ఎకరాలకు నీరు, పల్లెలకు తాగునీరు అందించాలన్నది ప్రణాళిక.

పథకం పూర్తయిన నాడు, పాత చట్టం పద్ధతిలోనే అయితే, ఆయకట్టు పట్టాదారులతో ఒక సంఘం ఏర్పడుతుంది. గొట్టాలు ఏ అడవి గుండా వెళతాయో ఆ అడవి చెంచు గూడేలు ఆయకట్టులో లేవు కాబట్టి ఆ సంఘంలో ఉండవు. కౌలు చేసే సుగాలీ యువకుడు రికార్డులో లేడు కాబట్టి అతనూ ఉండడు. దీన్ని మార్చడానికి కొత్త చట్టమే అక్కరలేదు. తాగునీటి వాటా మీద నిర్ణయాన్ని గ్రామ నీరు, పారిశుద్ధ్య కమిటీలతో కలిపి చేయవచ్చు. పరీవాహక రక్షణను ఐదో సెక్షన్ కింద గూడేల సభలకు అప్పగించవచ్చు. కౌలుదారుల నమోదును నీరు వదలడానికి ముందే పూర్తిచేయవచ్చు. సాగర్ కుడి కాలువకు ఈ అవకాశం 1967లో లేదు, అప్పటికి అలాంటి చట్టాలేవీ లేవు. వరికపూడిశెలకు అవన్నీ ముందే ఉన్నాయి.